విప్పకుండా వదిలేసిన భుజం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: చప్పుడు చేసే ప్రతిదాన్నీ విప్పి చూడాల్సిందే. (తొమ్మిదో తరగతిలో బడి మానేసి మేడ్చల్‌లో బండ్ల మెకానిక్ దగ్గర చేరినవాడికి ఇంతకన్నా పెద్ద సిద్ధాంతం ఎక్కడ దొరుకుతుంది?) ఆదివారాలు మాత్రం శామీర్‌పేట మైదానంలో క్రికెటర్‌ని. బౌండరీ నుంచి విసిరితే బంతి నేరుగా కీపర్ చేతుల్లో పడేది. జట్టులో నన్ను ఉంచుకున్నది ఆ చేతి కోసమే, నా బ్యాటింగ్ చూసి కాదు.

ఒక ఆదివారం డైవ్ కొట్టి లేచేసరికి కుడి భుజం టక్కుమంది. అప్పట్నుంచి విసిరినప్పుడల్లా టక్కు, వెంటనే నొప్పి. స్కాన్ తీసి, భుజం గిన్నె చుట్టూ ఉండే మెత్తటి అంచు చిరిగిందన్నారు. ఇక చెయ్యి పోతే జట్టులో చోటు పోయినట్టే. అయినా భయం కన్నా కుతూహలమే ఎక్కువైంది. అదెలా ఉంటుంది? మన బండ్లలో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్ లాంటిదా? అల్వాల్‌లో ఎముకల డాక్టరమ్మ ముందు కూర్చోగానే, "మేడం, చిరిగిందంట గదా, జల్దీ మార్చెయ్యుండ్రి," అన్నాను.

"మార్చడానికి అది దుకాణంలో దొరకదయ్యా. భుజం ఎప్పుడైనా జారి బయటికొచ్చిందా?"

"లేదు మేడం. ఇసిరితేనే నొప్పి."

"అయితే మూడు నెలలు విసరడం ఆపి వ్యాయామం చెయ్యి. భుజం జారడం మొదలైనా, అప్పటికీ విసరలేకపోయినా ఆపరేషన్ సంగతి చూద్దాం. ఇలాంటి చిరుగు నొప్పి లేని ఆటగాళ్లలో కూడా చాలామందికి ఉంటుంది. ఒట్టి స్కాన్ చూసి కోస్తే వాళ్లనూ కొయ్యాల్సొస్తుంది."

ఉసూరుమంటూ షాపుకొచ్చి చెబితే మా మెకానిక్ ఉస్తాద్ పడిపడి నవ్వాడు. "అరే, లెక్చరర్ సార్ బండి యాదికున్నదా?"

ఎలా మరిచిపోతాను? చప్పుడొస్తోందని రోజంతా కూర్చుని ఇంజను మొత్తం విప్పాను. తీరా చూస్తే మడ్‌గార్డ్ బోల్టు వదులైంది.

"ఆమెకు నీ లెక్క చేతులు దురద పెడ్తలేవురా. బతికిపోయినవ్!"

పాత ట్యూబు కోసి షట్టర్ కొక్కేనికి కట్టి రోజూ లాగాను. "ఏందన్నా, షట్టర్ పీకుతున్నవా?" అనని మనిషి లేడు. మూడు నెలలయ్యాక మైదానంలో విసిరాను. టక్కుమంది. నొప్పి కోసం కళ్లు మూసుకుని ఎదురుచూశాను, రాలేదు. బంతి మాత్రం ఒకసారి నేలను తాకి కీపర్‌కు చేరింది.

"ఇంతకుముందు నేరుగ వస్తుండె గదనే!" అన్నాడు కెప్టెన్.

"ఇప్పుడు మధ్యల ఆగి చాయ్ తాగొస్తాంది. నీకేం తొందర?"

ఇప్పుడు తూంకుంటలో నాదే ఒక షాపు. చప్పుడొస్తోందని ఎవరైనా వస్తే, బండి ఎక్కడైనా ఆగిందా అని ముందు అడుగుతాను. సాయంత్రం షట్టర్ దించుతుంటే భుజం ఇప్పటికీ టక్కుమంటుంది. ఆ కాసేపూ, లోపల ఆ అంచు ఎట్లుంటుందో చూడాలని నాలోని ఆ పాత మెకానిక్ పిల్లగాడు స్పానర్ పట్టుకుని తయారవుతాడు. వాణ్ణి కూర్చోబెట్టి, షాపుకు తాళం వేసి ఇంటికొస్తాను.