మాలకొండమ్మ పెద్దమ్మ, సర్కారు తుమ్మ

మా పెద్దమ్మ మాలకొండమ్మకు ఈ లోకంలో ఒక్కటంటే ఒక్కటే పగ. అది మనిషి మీద కాదు, సర్కారు తుమ్మ మీద. సముద్రపు ఇసుక ఎగిరివచ్చి చేలల్లో పడకుండా ఒడ్డు వెంబడి సర్కారు వాళ్ళు వేయించిన చెట్టది. బోగోలుకు తూర్పున ఉన్న మా పల్లెలో అందరూ దాన్ని చూసి మురిసిపోయారు. పొయ్యిలోకి పుల్లలు, చేనుకు కంచె, మేకలకు కాయలు, ఇంకేం కావాలి? పెద్దమ్మ ఒక్కతే మూతి విరిచింది. "నీళ్ళు పొయ్యకుండా పెరిగేదాన్ని నమ్మబాకండి" అనేది. ఊరంతా నవ్వేది.

ఆవిడ మా నాన్నకు వదిన. పెదనాన్న పోయాక, పిల్లాజెల్లా లేని మనిషి, ఒంటిచేత్తో సేద్యం చేసుకొచ్చింది. తుమ్మ మొలకను రెండాకుల మీద ఉన్నప్పుడే పసిగట్టేది. మేం జమ్మి అనో చింత అనో వాదించుకుంటుంటే, వేలితో ఇసుక తోడి వేరు చూపించేది. పైన మొలక జానెడు కూడా ఉండదు, కింద వేరు మూరెడు దిగి ఉంటుంది. దాన్ని కొడవలితో కోసేవాళ్ళను చూస్తే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. "మెడకాడ కోస్తే నాలుగు కొమ్మలేసుకొని లేస్తాది. వేరుతో పెరకండి!" అని దారిన పోయేవాళ్ళను ఆపి మరీ తిట్టేది. వాళ్ళు పెళ్ళికి పోతున్నా సరే, వదిలేది కాదు.

అట్లాంటి మనిషి చేను పక్కనే మా అమ్మ వెంకటశేషమ్మ తుమ్మ కంచె వేసింది. గొడ్లు పడి మిరప చేను మేసిపోతుంటే పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది? భాగాలు పంచుకున్నప్పుడు చేను చెరిసగం అయింది కానీ దొరువు పెద్దమ్మ వైపు పడింది. దొరువంటే ఇసుకలో తవ్విన నీటిగుంట. దాంట్లోకి దిగి కుండలతో ముంచి తెచ్చి మా మిరపనారుకు పోసుకునేవాళ్ళం. కంచె గురించి తోడికోడళ్ళిద్దరూ రోజూ వాదులాడుకునేవాళ్ళు, ఆ నోళ్ళతోనే కూర రుచి ఎట్లా ఉందని ఒకరినొకరు అడిగేవాళ్ళు. మాకది అలవాటైపోయింది.

అరవై రెండో, అరవై మూడో, ఆ వేసవిలో మా కంచె మొదటిసారి విరగకాసింది. పసుపుపచ్చని కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే పెద్దమ్మకు నిద్ర కరువైంది. ఒక్క కాయ తన చేలో రాలినా కొంప మునిగినట్టే. ఏటా ఎరువు కోసం ఆవిడ చేలో మందకట్టే గొర్రెల కాపరి హజరత్తయ్య వచ్చీరాగానే కంచె దగ్గరికి లాక్కుపోయింది.

"అబ్బయ్యా, ఒక్క కాయ మిగలకూడదు. రాల్చి నీ గొర్రెలకు మేపెయ్యి" అంది.

గొర్రెలు కరకరా నమిలేశాయి. కంచె బోసిపోయింది. శత్రువును మందకు మేత చేసినందుకు పెద్దమ్మ గర్వం చూడాలి! హజరత్తయ్య చెయ్యి నిండా వేరుశనక్కాయలు పోసింది. ఆ తర్వాత ఎప్పటిలాగే మంద ఆవిడ చేలో పడుకుని, తెల్లారి లేచి, చేనంతా పెంటికలు పరిచి వెళ్ళిపోయింది.

తొలి వానలు కురిశాయి. ఒకనాటి పొద్దున పెద్దమ్మ పెట్టిన కేకకు ఊరు ఊరంతా పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను. గట్ల మీద కాదు, కంచె పక్కన కాదు, సరిగ్గా చేను నడుమ, నారు పోసినట్టు తుమ్మ మొలకలు. అడుగు పెడదామంటే సందు లేదు. ఏళ్ళ తరబడి ఒక్క మొలక నిలవని చేను అది!

పెద్దమ్మ తిరిగి చూసింది. మా అమ్మ కనబడింది.

"చల్లినావు గదే శేషమ్మా! గాలికి వచ్చుంటే కంచె పక్కన మొలవాల. చేను నడిమికి ఎట్టొచ్చినాయి?"

"అక్కా, నాకేం తెలవదక్కా!"

"తెలవకపోతే నీ బిడ్డ నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టెయ్యి!"

ఆ బిడ్డ నేనే. మా ఊళ్ళో బిడ్డ మీద ఒట్టంటే ఆఖరి మాట, దాని తర్వాత ఎంతటి తగాదా అయినా తెగిపోవాల్సిందే. అమ్మ నన్ను చటుక్కున వెనక్కి లాక్కుంది.

"నేను చల్లలా. కానీ బిడ్డ మీద ఒట్టు మాత్రం ఎయ్యను."

ఇంకేం, తప్పు ఒప్పుకున్నట్టే లెక్క కట్టేశారు. మా నాన్న, అటు పెళ్ళాం, ఇటు తల్లిలాంటి వదిన, నడుమ తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన మౌనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ పూటే పెద్దమ్మ దొరువు చుట్టూ కంప కొట్టించింది. వానలు మళ్ళీ మొహం చాటేశాయి. మా మిరపనారు కళ్ళెదుటే వాడి, ఒరిగి, ఇసుకలో కలిసిపోయింది. ఆ ఏటికి మా బతుకంతా ఆ నారే. పక్క చేలో పెద్దమ్మ వంగిన నడుము ఎత్తకుండా మొలకలు పెరుకుతూనే ఉంది, మావైపు చూడకుండా.

ఒకరోజు అలా పెరుకుతూ పెరుకుతూ ఆగిపోయింది. చేతిలో ఉన్న మొలకను కళ్ళ దగ్గర పెట్టుకుంది. వేరుతోపాటు లేచి వచ్చింది ఒక గొర్రె పెంటిక. మొలక దాంట్లోంచే పుట్టింది. ఇంకోటి పెరికింది, అదీ అంతే. నేలమీద ఎండిపోయిన పెంటికలను వేళ్ళతో చిదిమి చూసింది. లోపల నిగనిగలాడుతూ, పంటి గాటైనా పడకుండా తుమ్మ గింజలు. పెద్దమ్మ అక్కడే చతికిలబడింది. తర్వాత లేచి, దొరువు కంప తన చేతుల్తోనే పీకి పారేసి, కుండ నింపుకుని మా నారుమడికి వచ్చింది. ఎండిపోయిన మొక్కల మీద నీళ్ళు పోసింది. ముళ్ళు గీరుకుని చేతుల నిండా నెత్తురు.

"నేనే శేషమ్మా. నేనే మేపించి, నేనే మంద కట్టించి, నా చేలో నేనే చల్లుకున్నా. నిన్ను దొంగను చేసినా. నన్ను కొట్టు."

అమ్మ కుండ పక్కన పెట్టించింది. కొంగుతో ఆవిడ చేతులు తుడిచింది.

"నారుదేముందక్కా, మళ్ళా పోసుకుంటాం. నీళ్ళు ఆపినావు, అదీ పోనీ. ఒక్క మాట చెప్పు. నేను చల్లినానని గట్టిగా నమ్మినావు గదా?"

"నమ్మినా."

"అబద్ధపు ఒట్టేస్తే బిడ్డ దక్కదనీ నమ్మతావు గదా?"

పెద్దమ్మ తలూపింది.

"రెండూ నమ్మే అడిగినావక్కా, నా బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టమని."

ఆ సంగతి పెద్దమ్మకు అప్పటిదాకా తట్టనే లేదని ఇప్పుడు అనుకుంటాను. నావైపు తిరిగింది. నా నెత్తిమీదికి చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. మా కంచెను వేళ్ళతో సహా తవ్వేసి ఈతమట్టల దడి కట్టించింది. దొరువు మా పేరున రాయించింది. నాకు చీరలు కొన్నది, జ్వరం వస్తే మా గుమ్మం దగ్గరే పడి ఉండేది. కానీ నన్ను ముట్టుకునేది కాదు. నా పెళ్ళిలో అందరూ వచ్చి తలమీద అక్షింతలు వేసి దీవిస్తుంటే, పెద్దమ్మ పందిరి గుంజ దగ్గరే నిలబడి విసిరింది. అవి నాదాకా రాలేదు.