భుజం జారని ఎర్ర గౌను

మా దర్జీ మామ పోయాడని శుక్రవారం అమ్మ ఫోన్ చేసింది. "పొద్దున నమాజు చేసుకొని కుర్చీలో కూర్చున్నాడంట, అట్టనే పోయాడు. బాధేం పడలా," అంది. స్కాట్లాండులో, సముద్రం ఒడ్డున నేను చదువుకుంటున్న పాత ఊళ్ళో, లైబ్రరీ మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. ఆయన మాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మా పక్కింటాయన, కోర్టు వీధిలో వకీళ్ళకు నల్ల గౌన్లు కుట్టేవాడు. అయినా నా చదువు ఇంతదాకా వచ్చిందంటే ఆయన వల్లే.

ఇక్కడి విద్యార్థులకు ఎర్ర ఉన్ని గౌను ఉంటుంది. ఆదివారం చర్చి అయ్యాక అది వేసుకొని, సముద్రంలోకి కట్టిన రాతి గట్టు చివరిదాకా నడవడం ఎప్పటినుంచో ఉన్న ఆచారం. బయల్దేరేముందు కొందామంటే ధర చూసి కళ్ళు తిరిగాయి. "నేను లేనా? ఫోటో చూపియ్యవే," అన్నాడు మామ. చూపిస్తే కళ్ళజోడు పైకి నెట్టుకొని, "ఛీ, ఎవడే ఈళ్ళ దర్జీ? ఒక్కళ్ళకన్నా గౌను భుజం మీద ఆగట్లా!" అని ఊరూ పేరూ తెలియని మనిషిని తిట్టాడు. "కుట్టు కనపడగూడదు, మనిషి కనపడాల" అనేది ఆయన మాట.

అందుకని భుజాల లోపల పట్టీలు, హుక్కులు పెట్టి చచ్చినా జారకుండా బిగించాడు. తీరా చూస్తే ఆ ఫోటోలో ఉన్నది చివరి ఏడాది వాళ్ళు! కొత్తగా చేరినవాళ్ళు గౌను నిండుగా వేసుకుంటారు. ఏటేటా కాస్త జార్చి, నాలుగో ఏటికి మోచేతుల దాకా దించుతారు. ఆ సంగతి అప్పుడు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మొదటి ఏడాది నవంబరులో ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను. నాలుగింటికే చీకటి, వీళ్ళ ఇంగ్లీషు ముక్క అర్థం కాదు, పలకరించే దిక్కు లేదు. నాన్నకు చెప్పే ధైర్యం లేక మామకు ఫోన్ చేశాను. "వస్తే రా, ఎవరొద్దన్నారు? మీ నాయనకి నేను చెప్తాలే. ఆ గౌను మాత్రం ఒక్కసారి ఏసుకొని నడువు. భుజం ఎట్టా కూర్చుందో తెలవకపోతే నాకు కూడు సయించదే," అన్నాడు.

నా ఏడుపు నాదైతే ఆయన గోల ఆయనది! ఒళ్ళు మండింది. అయినా ఆ ఆదివారం గట్టు మీదికి వెళ్ళాను. గాలికి అందరి గౌన్లూ లేచి మొహాల మీద పడుతుంటే నాది కదిలితే ఒట్టు. ముందు నడుస్తున్న ఇద్దరమ్మాయిలు ఆగి, భుజాలు తడిమి చూసి, ఎవరు కుట్టారని అడిగారు. మామ గురించి చెబుతూ వాళ్ళతో టీ తాగాను. ఇంటికి టిక్కెట్టు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మూడో ఏట ఈ గౌను జార్చే ఆచారం విడమర్చి చెబితే ఫోన్లో పడీపడీ నవ్వాడు. "ముందే చెప్పి చావొచ్చుగా! సెలవులకి తే, హుక్కులు పీకేస్తా." నేను తీసుకెళ్ళలేదు. నాకే ఇష్టం లేకపోయింది.

ఇప్పుడు నాది చివరి ఏడాది. అమ్మ ఫోన్ వచ్చిన రెండు రోజులకు, మొన్న ఆదివారం, నా తోటివాళ్ళంతా గౌన్లు మోచేతులకు దించుకొని నడుస్తుంటే నాది మెడ దాకా ఉంది. పక్కన ఒక అమ్మాయి, ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి, నా గౌను చూసి "నువ్వూ ఈ ఏడే చేరావా?" అని అడిగింది.

అవునన్నాను.

ఆమె గౌను మాటిమాటికీ గాలికి జారిపోతోంది. ఆమెను ఆపి, నా సంచిలోంచి పిన్నీసు తీసి, పైకి కనపడకుండా భుజం లోపల పెట్టాను.

"ఇక నడువు," అన్నాను.