రత్నం చెప్పిన గాలి పాఠం

మా చిన్నప్పుడు... ఫిషింగ్ హార్బర్ పక్కనే మా బడి. కిటికీ తెరిస్తే చేపల వాసన, డీజిల్ వాసన కలిసి క్లాసులోకి వచ్చేసేవి. ముక్కు మూసుకున్నవాడు కొత్తగా చేరినవాడని లెక్క!

మా పెద్ద టీచరుగారిది ఒక చిత్రమైన పద్ధతి. లెక్కలైనా, సైన్సైనా, సోషలైనా... పాఠం అవ్వగానే ఎవరో ఒకరు లేచి, ఇంట్లో అమ్మకి చెప్పినట్టు దాన్ని మళ్ళీ చెప్పాలి. "నాకు అప్పజెప్పొద్దు, వీళ్ళకి చెప్పండి" అనేవారు.

అందులో మా రత్నాన్ని కొట్టేవాళ్ళు లేరు. వాళ్ళ నాన్న తెప్ప మీద వేటకెళ్ళేవాడు. గాలుల పాఠం మాకెవరికీ బుర్రకెక్కని రోజున అది లేచింది...

"తెల్లారగట్ల గాలి ఒడ్డు మీంచి సంద్రం మీదకి కొడతాది. మా అయ్య అప్పుడే తెప్ప దింపుతాడు. మజ్జేనం గాలి తిరుగుతాది... ఇంకేటి, తెరసాపెత్తీసి ఇంటికొచ్చీడమే!"

క్లాసంతా నవ్వులు. ఆ పాఠం మాత్రం నాకు ఇప్పటికీ గుర్తే.

కొన్నాళ్ళకి బడి చూడ్డానికి పై అధికారి వస్తున్నారని తెలిసింది. రత్నం చేతే చెప్పించాలని టీచరుగారు ముచ్చటపడ్డారు. కానీ దాని మాట విని ఆయన ఏమనుకుంటారోనని లోపల భయం... వారమంతా పక్కన కూర్చోబెట్టుకుని అదే గాలుల పాఠాన్ని పుస్తకంలో మాటల్లో బట్టీ పట్టించారు. అదంతా దాని మీద ప్రేమతోనే.

ఆ రోజు రత్నం నున్నగా దువ్విన జడలతో లేచి నిలబడింది. "భూపవనములు అనగా..." అంది. ఆగిపోయింది. మళ్ళీ "భూపవనములు అనగా..."

ఆ అధికారి పాపం మెత్తగానే, "కూర్చోమ్మా" అన్నారంతే.

ఆ తర్వాత అది ఏ పీరియడ్‌లోనూ లేవలేదు. "నీకొచ్చినట్టే చెప్పవే తల్లీ" అని టీచరుగారు ఎంత బతిమాలినా తల దించుకునే ఉండేది. ఒకసారి ఆవిడ మా ముందే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వేసవి సెలవుల తర్వాత రత్నం బడికే రాలేదు...

మొన్న మా పాప స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు. ఇప్పుడు వీళ్ళకి కమ్యూనికేషన్ స్కిల్స్ అని వేరే పీరియడే ఉంది లెండి. చూద్దును కదా, పక్క బెంచీలో రత్నం! వాళ్ళ చిన్నమ్మాయి కూడా అదే క్లాసట. "ఏటే, ఇలాగైపోయావు!" అని నా చెయ్యి పట్టుకుని ఎంత సంబరపడిందో...

పిల్లల గురించి ఒక్కొక్కరినీ నాలుగు మాటలు చెప్పమన్నారు టీచరు. రత్నం వంతొచ్చింది. లేచి, కొంగు వేలికి చుట్టుకుంటూ...

"నాకు మాటాడ్డం రాదండి. మీరే సెప్పండి" అంది.

నాకు దుఃఖం ఆగలేదు. క్లాసు మొత్తానికి గాలి ఎటు తిరుగుతుందో చెప్పిన పిల్ల అది...

మీ క్లాసులోనూ ఉన్నట్టుండి లేవడం మానేసిన వాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు చివరిసారి లేచినప్పుడు ఏం చెప్పారో... మీకు గుర్తుందా?