కాలిపోయిన వామింట కుప్ప

మా చేనుకు రోగం మట్టిలోనే ఉంది. తిరుమలగిరి దగ్గర ఎర్రచెలకలో పత్తి వేస్తాం. మొక్క మోకాలెత్తు రాగానే ఆకులు వాలిపోతాయి. పీకి చూస్తే వేరు కుళ్లి, తొక్క చేతికే ఊడొస్తుంది. రెండేళ్లు వరసగా అదే తంతు. వచ్చే ఏడు కూడా ఎండితే సేద్యం మానేసి మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ పనికి పోతానని నా భర్త ఖరాఖండిగా చెప్పేశాడు. చెలకలో పెరిగిన మనిషి బస్తాల కింద వంగి బతకడం నేను ఊహించుకోలేకపోయాను.

వ్యవసాయ అధికారి ఒక ఉపాయం చెప్పాడు. గట్ల మీద కుక్కవామింట మొలుస్తుంది కదా, నలిపితే ఆవాల ఘాటు కొట్టే కలుపు, దాన్ని ఎండబెట్టి, ముక్కలు చేసి, నడి ఎండాకాలంలో దుక్కిలో కలిపి ఒక తడి ఇవ్వాలట. లోపల ఆ ఘాటు, పైన ఎండ కలిసి మట్టిలోని తెగులును అణుస్తాయట. "మొత్తం పోతదని చెప్పను, తగ్గుతది" అన్నాడు. మాకు ఆ మాటే చాలు.

ఆ వానాకాలం పోయేదాకా ఊళ్లోవాళ్ల గట్లన్నీ తిరిగి వామింట కోశాను. ఆ జిగట ఆకుల వాసన అన్నం ముద్దలోనూ వదిలేది కాదు. "పత్తి పండించుమంటే కలుపు పండిస్తున్నవా పిల్లా?" అని ఆడవాళ్లు ఆటపట్టించారు. నవ్వుకోనీ అనుకున్నాను. మా అత్తకు మాత్రం ఆ కుప్ప కంట్లో నలుసే. చేలో చెత్త ఉంటే ఆవిడకు ముద్ద దిగదు. ఎందుకు పోగేస్తున్నామో విడమరిచి చెప్పాం. "కలుపుతోని రోగం పోవుడేంది? ఆ సారు మీతోని పరాచికమాడిండు" అని కొట్టిపారేసింది.

తీరా ఎండలు ముదిరి, తడి పెట్టే వేళకు బోరు మోటారు కాలిపోయింది. బాగు చేయించడానికి నేనూ నా భర్తా సూర్యాపేట పోయాం. సాయంత్రం ట్రాలీ ఆటోలో మోటారు వేసుకుని చేనుకు వచ్చేసరికి కుప్ప లేదు, బూడిద ఉంది. వానలకు ముందు చేలో చెత్తంతా ఊడ్చి కాల్చడం మా వైపు ఆనవాయితీ. అంత ఎండలో అత్త ఒక్కతే ఆ పని చేసింది. ముఖమంతా మసి.

"మంచిగ సాఫ్ జేసిన బిడ్డా. మిమ్ముల సూసి ఊరు నవ్వుతుంటే నా పాణం ఉసూరుమన్నది" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచేలోపే నా భర్త "ఊకో" అని చెయ్యి పట్టుకున్నాడు. తల్లిని పల్లెత్తు మాట అనలేదు. మోటారు దింపి, ఆ బూడిద పక్కనే కూలబడ్డాడు. అత్త మీద కంటే ఆయన మౌనం మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఇంకో కుప్ప పోగేద్దామంటే ఆ ఎండల్లో గట్లన్నీ బోడిగా ఉన్నాయి.

వానలు పడ్డాయి, పత్తి పెట్టాం. మళ్లీ మచ్చలు మచ్చలుగా వాలింది. వామింట కలిపి ఉంటే నిలిచేదో లేదో ఎవరు చెప్పగలరు? ఆయన మాత్రం అన్నంత పనీ చేశాడు. బట్టలు సంచిలో కుక్కుకుని మిర్యాలగూడ బస్సెక్కాడు.

ఆ మధ్యాహ్నం చేనుకు వెళ్తే అత్త ఎండిన మొక్కలు పీకుతోంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి.

"గింత సక్కగ సూసుకుంటి గదా బిడ్డా. మరి ఎందుకు సచ్చినయి? నా కొడుకెందుకు పాయె?"

ఆ కుప్ప గురించి ఇన్నాళ్లూ దిగమింగుకున్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని ఇంకో మొక్క పీకింది.

"ఏమో అత్తమ్మా" అన్నాను. పక్క సాలులోకి దిగి నేనూ పీకడం మొదలుపెట్టాను.