వీపు తిప్పుకున్న కూన

“అక్క పోయింది” అని ఎదురింటి అక్క తమ్ముడు మా గేటు దగ్గర నిలబడి చెబితే, “ఎక్కడికి, రైస్ మిల్లుకా?” అని అడిగాను. పొద్దున్నే ఆమె పోయేది అక్కడికే మరి. ఆయన తల దించుకున్నాడు. అప్పటికిగానీ నాకు తలకెక్కలేదు. ఇప్పటికైనా సరిగ్గా ఎక్కిందో లేదో.

మా మానుకోటలో ఆమె అందరికీ పిల్లుల అక్క. మండలాఫీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఇదే పని పెట్టుకుంది. మిల్లు వెనక గోనె సంచుల్లో ఈని తిరిగే, ఎవరికీ మచ్చిక కాని పిల్లులను ఎండుచేప ఆశపెట్టి బోనులో పట్టేది. పశువుల దవాఖానలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి మళ్లీ మిల్లు దగ్గరే వదిలేది. వాటి కూనలను మాత్రం ఇంటికి తెచ్చి, మచ్చిక చేసి, పెంచుకుంటామన్న వాళ్లకు ఇచ్చేది. మనుషులకు చాయ్ పోయాలంటే మాత్రం చేయి రాదు. “పిసినారోళ్లు పిల్లికి గూడ బిచ్చం పెట్టరు. గీమె పిల్లికి తప్ప పెట్టది” అని వాడంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది.

మచ్చిక చేయడమంటే ఏమిటో నాకు మొదట్లో అంతుపట్టలేదు. కూన ఉన్న గదిలో కింద కూర్చుని, దానివైపు చూడకుండా చిక్కుడుకాయలు తుంచుతూ, కరెంటు పోయిన సంగతీ మోకాళ్ల నొప్పుల సంగతీ దానికి చెప్పేది. “గుడ్లప్పగించి చూస్తె బెదురుతది చెల్లె. కొత్త కోడలి లెక్కనే. మన పని మనం చేస్కుంటుండాలె, అదే వస్తది” అనేది.

ఒకసారి గూడూరు నుంచి ఒక పెద్దాయన పండ్ల సంచితో దిగాడు, వెంట ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొడుకు. “మీ ఇంట్ల పిల్ల ఉన్నదని చెప్పిన్రు అక్కా” అన్నాడు. అక్క మురిసిపోయింది. “ఉన్నది అన్నా. జర బెరుకు. కొత్తోళ్లను చూస్తె మంచం కిందికి ఉర్కుతది, పట్టుకుంటె గీకుతది. నెల రోజులైతె సదురుకుంటది” అంది. పెళ్లికొడుకు ముఖం చూడాలి! నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. సంగతి తెలిశాక పెద్దాయన కూడా పడీపడీ నవ్వాడు. పోయేటప్పుడు పండ్లు మాకిచ్చి, ఆ సంచిలో కూనను పెట్టుకుని పోయాడు.

జ్వరంతో మంచం పట్టినప్పుడు ఆమె దగ్గర మిగిలింది ఒక్క నల్ల కూన. “నువ్వు తీస్కపో చెల్లె. ఇప్పుడు మచ్చిక గాకుంటె ఇగ గాదు. మిల్లు కాడ కుక్కల పాలైతది” అంది. తెచ్చాను. అది మా బీరువా కిందికి దూరి, నేనుండగా తిండి ముట్టలేదు.

చివరిసారి చూడబోయినప్పుడు ఆ మాటే చెప్పాను. అక్క నన్ను చూసింది. మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది. పిలిచినా ఇటు తిరగలేదు. కోపమొచ్చిందా? నొప్పా? నిద్రా? ఇంటికొచ్చి ఏడ్చాను. తెల్లారేసరికి ఆమె లేదు. ఇక ఎవరిని అడగను?

దినాలు అయిపోయాక, ఏం తోచక నేనూ చిక్కుడుకాయలు ముందేసుకుని కింద కూర్చున్నాను. బీరువాకు వినపడేలా అక్క మీద ఉన్న ఫిర్యాదులన్నీ చెప్పాను. ఏమైందో, కూన బయటికొచ్చింది. బీరువా ముందు నేను పెట్టిన ఎండుచేప నోట కరుచుకుని, నా ముందే కూర్చుని, వీపు నావైపు తిప్పి తినసాగింది.

“చూసినవా తమ్మీ, ఇదీ నా మీద అలిగింది” అన్నాను, దినాలకు తీసుకెళ్లిన మా గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన అక్క తమ్ముడితో.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. “అలుగుడు గాదు అక్కా, మచ్చికైంది. నమ్మినోళ్లకే వీపు ఇస్తది అనేది మా అక్క.”

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. అయితే ఆ రోజు, గోడవైపు తిరిగిన అక్క... ఏమో. నాకు ఇప్పటికీ తెలియదు. తల ఎత్తితే ఎక్కడ బెదురుతుందోనని, ఆ నల్లటి చిన్న వీపును చూడకుండా చూస్తూ, కాయలు తుంచుతూ కూర్చున్నాను.