మిరప చేతులు

గుంటూరులో బస్సు కదలకముందే సీటు కోసం గొడవ మొదలైంది. కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నవాడు, దాన్ని తీసి పారేసి కూర్చున్న కుర్రాణ్ణి జుట్టు పట్టి లాగి, మొహాన్ని ఇనప కడ్డీకేసి కొట్టాడు. ఊడిన పన్నొకటి నెత్తుటితో సహా నా చెప్పు మీద పడింది. అడ్డొచ్చిన కండక్టర్ని ఒక్క తోపు తోశాడు. మేమంతా అరిచామే గానీ ఎవరమూ కదల్లేదు.

నా పక్కనున్న ముసలామె లేచింది. మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్లి తిరిగొస్తున్న మనిషి. రెండు అరచేతులూ వాడి కళ్ల ముందు పెట్టింది.

"వదలరా! పొద్దుట్నుంచీ మిరపకాయల్లో ఉన్న చేతులివి. కళ్లకి రుద్దానంటే గుడ్డోడివైపోతావ్!"

వాడు వదిలేశాడు.

ఆమె వచ్చి కూర్చుంది. కళ్లమ్మట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"నా కొడుకుని ఇట్టాగే కొట్టి చంపారయ్యా. బతికించమని ఆసుపత్రి వరండాలో మోకాళ్లేసి ప్రార్థన చేశా. ప్రభువు బతికించలా."

"ఇంకా చర్చికి వెళ్తున్నావా అమ్మా?" కోపంగానే అడిగాను.

"ఎల్లకపోతే ఎట్టా? రేపు ఆదివారం. చర్చి ఊడ్చేది నేనేగా."

"ముందు కళ్లు తుడుచుకో."

"ఈ చేతుల్తోనా?" అంది. "కన్నీళ్లన్నీ ప్రభువే తుడుస్తానన్నాడు, బైబిల్లో ఉంది. ఇంకా తుడవలా. తుడిచేదాకా ఊడుస్తా ఉంటా."

ఇంట్లో ఎండుమిర్చి ఘాటుకు కళ్లు మండితే, ఇప్పటికీ నా చెయ్యి కంటిదాకా వెళ్లి ఆగుతుంది.