మేనకోడలు రాయని జవాబులు

పోయిన ఆదివారం చెన్నూరు నుంచి మా అక్క ఫోన్ చేసి, తన మనుమరాలిని కరీంనగర్‌లో తెలివైన పిల్లలకని ప్రత్యేకంగా నడిపే బడిలో చేర్చడానికి దరఖాస్తు తెచ్చామని, శుక్రవారంతో గడువు అయిపోతుందని, ఒకసారి వచ్చి పొమ్మని చెప్పింది. అంతవరకు బాగానే ఉంది. ఫోను పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "తల్లి లెక్కనే గిది గూడ బద్ధకంది తమ్మీ, జర నువ్వే భయం జెప్పాలె" అన్నది. ఆ తల్లి, అంటే మా అక్క బిడ్డ, నా మేనకోడలు, బద్ధకంతో చేతికొచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకుందని మా ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా చెప్పుకుంటున్నారు. అది నిజం కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని అన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను.

డిగ్రీ అయిపోయి, కరీంనగర్‌లో ఒక హాస్టలు బడిలో లెక్కల సారుగా కొత్తగా చేరిన రోజులవి. మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తెలివైన పిల్లల్ని ఏరి ఒక గదిలో కూర్చోబెడితే చాలు, డాక్టర్లు, ఇంజినీర్లు వాళ్ళంతట వాళ్ళే తయారవుతారని అందరం నమ్మిన కాలం. నా మేనకోడలికి అప్పుడు పదకొండేళ్ళు. బావ పత్తి కొనే చోట కూర్చుని, ఎవరూ నేర్పకుండానే ఉర్దూ, మరాఠీ రెండూ పట్టేసింది, నేను కాలేజీలో కుస్తీ పట్టిన లెక్కల చిక్కుముళ్ళను జామకాయ కొరుకుతూ విప్పేది. బడిలో ఇచ్చిన ఇంటిపని మాత్రం ముట్టేది కాదు. అడిగితే, "ఎర్కనే గదా మామా, ఎర్కున్నది మల్ల రాసుడెందుకు?" అనేది. అక్క చీపురు తిరగేసేది, నేను నవ్వేవాణ్ణి.

ఆ పిల్లను మా బడిలోని ప్రత్యేక తరగతిలో చేర్పిద్దామని బావకు నచ్చజెప్పింది నేనే. ప్రవేశ పరీక్షలో యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాలి. ఆమె అరగంట రాసి, మిగతా సమయమంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కాగితాలు దిద్దడానికి నాకే వచ్చాయి. ఆమె కాగితం మీద పదమూడు సున్నాలున్నాయి. అన్నీ చివరి పేజీలోవి, అన్నిటికన్నా కష్టమైనవి, పదమూడూ సరైనవే. ముందున్న తేలిక ప్రశ్నలు ముప్పై ఏడింటినీ వదిలేసింది.

గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఇవన్నీ ఆ పిల్లకు వచ్చినవే, వచ్చినవాటికే సున్నా చుడితే మోసమెట్లా అవుతుందని నాకు నేనే చెప్పుకుని, పెన్సిలు చెక్కి ముప్పై ఏడూ చుట్టాను. ఆమె వంకర సున్నాల్లా కనిపించాలని పెన్సిలు ఎడమచేత్తో పట్టుకున్నాను. నా మేనకోడలు మొదటి ర్యాంకు.

ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. భోజనాల గదిలో ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు కొట్టిన స్టీలు కంచాలుండేవి. సోమవారం పొద్దున ర్యాంకులు చదివేవారు, ఎవరిది ఎన్నో ర్యాంకయితే ఆ వారమంతా ఆ కంచంలోనే, ఆ వరుసలోనే అన్నం. ఒకటో కంచంతో మొదలైన పిల్ల, తెలిసిన లెక్కలనే రోజూ యాభైసార్లు చేయమంటే చేయక, దసరా నాటికి నలభయ్యో కంచానికి వచ్చింది. మొదట్లో నవ్వుకుంటూనే తిన్నది. తర్వాత తినడం తగ్గింది, మాట తగ్గింది, వరండాలో నన్ను చూస్తే తల దించుకునేది. కరస్పాండెంటు సారు నన్ను పిలిచి, ఫస్టొచ్చిన పిల్ల ఇట్లెందుకైందని అడిగినప్పుడు నిజం గొంతుదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చింది. "బద్ధకం సార్" అన్నాను. ఆమెను ఆ మాట మొట్టమొదట అన్నది అక్క కాదు, బావ కాదు, నేనే.

ఒక సోమవారం మధ్యాహ్నం నలభయ్యో కంచం కడిగిన చోటే ఉండిపోయింది. హాస్టలు గదులు, మిద్దె అన్నీ వెతికాం. బడి వెనుక ఒక పాడుబడ్డ బావి ఉండేది. దాని గట్టు మీద మోకాళ్ళూని లోపలికి తొంగిచూసినప్పుడు నీళ్ళ మీద నాచు ఒకచోట విడిపోయి కనిపించింది. కప్ప దూకిందో, గాలి తగిలిందో తెలియదు. ఈనాటికీ నేను బావిలోకి చూడలేను.

నాలుగు గంటలకు బస్టాండులో, చెన్నూరు వైపు పోయే మంచిర్యాల బస్సులు ఆగే చోట, బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కనిపించింది. ఎన్ని బస్సులు వదిలేసిందో తెలియదు. పక్కన కూర్చుంటే తనే చెప్పింది. "ఇంటికి పోతె బాపు కొడ్తడు. బడికి వస్తె నువ్వు పరేషానైతవు. ఎటు పోవాల్నో లెక్క తెగుతలేదు మామా."

ఆ వారమే బావ ఆమెను చెన్నూరు తీసుకుపోయి సర్కారు బడిలో వేశాడు. ఇప్పుడు భర్తతో కలిసి అక్కడే కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నడుపుతుంది. ఎవరికీ అంతుబట్టని మోటార్లు తను పట్టుకుంటుంది, తేలికవి భర్తకు వదిలేస్తుంది.

మొన్న మంగళవారం చెన్నూరులో ఆ దుకాణానికి వెళ్ళి, అక్క వింటుండగానే, నేల చూస్తూ అంతా చెప్పేశాను. రాగి తీగ చుడుతున్న మేనకోడలి చేతులు ఆగలేదు.

"ఎర్కనే మామా. నేను సుట్టింది పదమూడే గదా. ఫస్టచ్చినవన్ననాడే ఎర్కైంది."

మరెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె నీ నౌకరి పోతుండె గదా."

పదకొండేళ్ళ పిల్ల నా భయాన్ని కూడా తన కంచంలోనే పెట్టుకుని తిన్నది. అక్క గడప దగ్గరే నిలబడి, "మరి దాన్ని గన్ని తిట్లు తిడ్తుంటె నోరెట్ల మూసుకున్నవ్ తమ్మీ?" అన్నది. ఇంతలో ఫ్యాను గాలికి దరఖాస్తు ఎగిరిపోబోతే పట్టుకోబోయాను. "నువ్వు మాత్రం పెన్ను ముట్టకు మామా" అన్నది మేనకోడలు. అక్క కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మేనకోడలు మెట్టు మీద కూర్చున్న తన బిడ్డను "పోతవా?" అని అడిగితే, ఆ పిల్ల "సోంచాయించి చెప్త" అన్నది, ఆలోచించుకోవాలట.

కాలం మారింది. ఇప్పుడు జవాబులు యంత్రాలు దిద్దుతాయి, ఏ మేనమామా సున్నాలు చుట్టలేడు, ర్యాంకులు కంచాల మీద కాకుండా తల్లిదండ్రుల ఫోన్లలోకి వస్తున్నాయి. మనసు పెట్టని తెలివైన పిల్లలకు ఇలాంటి బడులు మంచివేనా అని లెక్కల సారునని నన్ను చాలామంది అడుగుతారు. ఒక పిల్ల ముప్పై ఏడు ఖాళీలు వదిలి తన జవాబు చెబితే చదవలేకపోయినవాణ్ణి, నేనేం చెప్పగలను?

ఇవాళ గురువారం, రేపే గడువు. దరఖాస్తు ఇంకా నింపలేదట. ఫోను మోగినప్పుడల్లా పొమ్మనో వద్దనో ఒక మాట నా నాలుక చివరిదాకా వచ్చి నిలబడుతున్నది, ఆ పిల్ల తనంతట తాను చెప్పేదాకా దాన్ని ఆపుకోగలనా అని భయంగా ఉంది.